తెలుగు లేఖన పాఠం నుండి పద సూచిక: పెద్ద టెక్స్ట్ ఫైళ్లను పైథాన్‌తో చదివే విధానం
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘ రికార్డులకు అన్వయం)

ఉపోద్ఘాతం

వాక్యపరిచర్యలో ఉన్న ప్రతివారికీ పద సూచికతో పని పడుతుంది. ఒక మాట లేఖనములలో ఎక్కడెక్కడ వచ్చిందో ఒకచోట చూపే గ్రంథాన్ని మనం కంకార్డెన్స్ అంటున్నాం. ఇంగ్లీషు తెలిసినవారు 1737లో అలెగ్జాండర్ క్రూడెన్, 1890లో జేమ్స్ స్ట్రాంగ్ వెలువరించిన సూచికలను వాడుకొంటారు. అయితే అవి ఇంగ్లీషు మాటల వరుసలో ఉన్నవి. సంఘం చేతిలో ఉన్నది తెలుగు బైబిలు. కాపరి ప్రసంగించేది తెలుగులో. కాబట్టి తెలుగు మాటనే పట్టుకొని వెదకగల సాధనం మనకు అవసరం. సొంత పరిశోధన కోసం అటువంటి సూచికను సామాన్యమైన కంప్యూటరు మీదనే తయారు చేసుకొనవచ్చు.

ఈ వ్యాసం ఉద్దేశం రెండు విధాలు. మొదటిది, పెద్ద టెక్స్ట్ ఫైలును తక్కువ జ్ఞాపకశక్తి గల కంప్యూటరు మీద పైథాన్ భాషతో ఎలా చదవాలో వివరించడం. రెండవది, అదే పద్ధతిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సంఘ చరిత్ర రికార్డులకు ఎలా అన్వయించాలో చూపడం. టైపు చేయడం వచ్చి, ప్రోగ్రాము రాయడం ఇంకా మొదలుపెట్టని విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఆదేశాల పేర్లను ఉచ్చారణ ప్రకారం ఇస్తున్నాం.

1. చారిత్రక నేపథ్యం

లేఖన పద సూచికలకు దీర్ఘ చరిత్ర ఉంది. 13వ శతాబ్దంలో పారిస్‌లోని డొమినికన్ సన్యాసులు సెయింట్ షేర్‌కు చెందిన హ్యూ నాయకత్వంలో లాటిన్ వల్గేట్‌కు సూచిక తయారు చేశారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఇటలీకి చెందిన జెసూట్ గురువు రోబెర్తో బూసా, తోమా అక్వినాసు రచనలలోని ప్రతి మాటకు సూచిక కూర్చడానికి పూనుకొని, 1949లో ఐబిఎం సంస్థ అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశాడు. కోటికి పైగా మాటలు గల ఆ సూచిక 1980 నాటికి 56 సంపుటాలుగా పూర్తి అయినది.

బూసా పని విధానంలో మనకు ఒక పాఠం ఉంది. ఆనాటి యంత్రాలకు అక్వినాసు రచనలన్నింటినీ ఒకేసారి గుర్తు పెట్టుకొనే శక్తి లేదు. ఒక్కొక్క మాటకు ఒక పంచ్ కార్డు. యంత్రం కార్డును చదువుతుంది, దాని స్థానంలో వేస్తుంది, తరువాతి కార్డును తీసుకొంటుంది. మొత్తం రాశి ఎంత పెద్దదైనా, ఏ క్షణమందైనా యంత్రం ముందున్నది ఒక్క కార్డే. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి కూడా సారాంశంలో ఇదే.

టెక్స్ట్ ఫైళ్లను నమలడానికి పుట్టిన భాషలలో పేరెన్నిక గన్నది పెర్ల్. దానిని 1987లో విడుదల చేసిన లారీ వాల్, లిపి లేని భాషలలో బైబిలు అనువాదానికి వెళ్లాలన్న ఆశతో భాషాశాస్త్రం చదివినవాడు. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ ఈనాడు ఎక్కువమంది నేర్చుకొంటున్న భాష గనుక దానినే ఇక్కడ తీసుకొన్నాం.

2. తెలుగు పాఠం కంప్యూటరులో ఎంత చోటు ఆక్రమిస్తుంది?

యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుండి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలు కేటాయించబడినవి. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. "క్రీస్తు" అనే మాట మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటరుకు మాత్రం క, పొల్లు, ర, ఈత్వం, స, పొల్లు, త, ఉత్వం అని ఎనిమిది గుర్తులు. అంటే 24 బైట్లు.

కింగ్ జేమ్స్ వచన విభజన ప్రకారం 66 గ్రంథాలలో 1,189 అధ్యాయాలు, 31,102 వచనాలు ఉన్నవి. ఒక్కొక్క వచనానికి సగటున 100 గుర్తులు అనుకొంటే మొత్తం 31 లక్షల గుర్తులు, దాదాపు 9 మెగాబైట్లు. ఇది పెద్ద ఫైలు కాదు. అయితే దీనిని మాటలుగా విడగొట్టి అన్నింటినీ జ్ఞాపకంలో ఉంచితే లెక్క మారుతుంది. పైథాన్ ప్రతి మాటకూ, అందులోని గుర్తులు గాక, యాభై బైట్లకు పైగా అదనపు చోటు తీసుకొంటుంది. 5 లక్షల మాటలు అనుకొంటే ఈ అదనపు భారమే 25 మెగాబైట్లు దాటుతుంది. ఇక నాలుగైదు అనువాదాలు, వ్యాఖ్యానాలు, ఒక సంఘ పత్రిక అనేక సంవత్సరాల సంచికలు ఒకచోట చేర్చినప్పుడు ఫైలు వందల మెగాబైట్లకు చేరుతుంది. పాత ల్యాప్‌టాప్ మీద పనిచేసే విద్యార్థికి యంత్రం బిగుసుకుపోయేది ఇక్కడే.

3. ఒక్కొక్క పంక్తిగా చదవడం

ఫైలును చదవడానికి కొత్తవారు సాధారణంగా వాడే ఆదేశాలు రెండు: రీడ్, రీడ్‌లైన్స్. మొదటిది ఫైలు మొత్తాన్ని ఒకే పెద్ద పాఠంగా, రెండవది పంక్తులన్నింటినీ ఒక జాబితాగా జ్ఞాపకంలోకి తెస్తుంది. రెండింటిలోనూ ఫైలు పెరిగినకొద్దీ జ్ఞాపకం మీద భారం పెరుగుతుంది.

వీటికి బదులు, ఫైలును ఓపెన్ ఆదేశంతో తెరచి నేరుగా ఫర్ ఆవృత్తిలో పెట్టడం ఉత్తమం. "ఈ ఫైలులోని ప్రతి పంక్తికీ ఈ పని చేయుము" అని దాని భావం. అప్పుడు పైథాన్ కొన్ని వేల బైట్ల చొప్పున తెచ్చుకొని, ఒక్కొక్క పంక్తిని మనకు అందిస్తుంది. పని అయిన పంక్తిని మనం దాచుకొనకపోతే ఆ చోటు తిరిగి వాడుకలోకి వస్తుంది. ఫైలు 9 మెగాబైట్లైనా 9 గిగాబైట్లైనా చదవడానికి కావలసిన జ్ఞాపకం ఇంచుమించు ఒక్కటే. పని ముగిశాక ఫైలు దానంతట అదే మూసుకొనేటట్లు విత్ అనే మాటతో తెరవాలి.

ఇందుకు ముందుగా ఫైలు క్రమంగా ఉండాలి. ఒక పంక్తికి ఒక వచనం. మొదట వచన సంఖ్య, తరువాత ట్యాబ్, ఆ తరువాత పాఠం. ఈ క్రమం ఉంటే ఒక్క స్ప్లిట్ ఆదేశంతో సంఖ్యను, పాఠాన్ని వేరు చేయవచ్చు. అధ్యాయమంతా ఒకే పంక్తిగా ఉన్న ఫైలుకు ఈ ప్రయోజనం తగ్గిపోతుంది.

ఫైలును తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పడం మరువరాదు. చెప్పకపోతే కొన్ని విండోస్ యంత్రాలలో పైథాన్ పాత పాశ్చాత్య ఎన్‌కోడింగును అనుకొంటుంది. తెలుగు పాఠం అర్థం లేని గుర్తులుగా మారుతుంది, లేదా ప్రోగ్రాము ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు తప్పులను పట్టించుకోవద్దని ఆదేశించే సౌకర్యం ఒకటి ఉన్నది. లేఖన పాఠం విషయంలో దానిని వాడకూడదు. ఎందుకంటే చదవలేని భాగాన్ని అది చెప్పకుండా విడిచిపెడుతుంది. హెబ్రీ పాఠాన్ని కాపాడిన మసోరేతులు మాటలను, అక్షరాలను లెక్కపెట్టి నమోదు చేశారు. ప్రతి తయారు చేసినవాడు ఆ లెక్కతో సరిచూసుకొనేవాడు. మన ప్రోగ్రాము కూడా చివరకు ఎన్ని పంక్తులు చదివిందో చెప్పాలి. 31,102 రాకపోతే ముందుకు వెళ్లక కారణం వెదకాలి.

4. తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు

ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముల పుస్తకాలు ఈ భాగాన్ని చెప్పవు. అందుచేత కొంత వివరంగా చూద్దాం.

(అ) మాటలను విడదీయడం. మాటను గుర్తించడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యు అనే గుర్తు వాడతారు. పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సాధనం హల్లులను, అచ్చులను అక్షరాలుగా అంగీకరిస్తుంది గాని గుణింతపు గుర్తులను, పొల్లును అంగీకరించదు. ఫలితంగా "క్రీస్తు" అనే మాట క, ర, స, త అని నాలుగు ముక్కలవుతుంది. దీనికి విరుగుడు, తెలుగు స్థానాలు 0సి00 నుండి 0సి7ఎఫ్ వరకు ఉన్నవాటి వరుసనంతటినీ ఒక మాటగా తీసుకొమ్మని మనమే చెప్పడం.

(ఆ) కనిపించని గుర్తు. "నాగర్‌కర్నూల్" అని రాసేటప్పుడు ర్ తరువాత క వత్తుగా మారకుండా ఆపే గుర్తు ఒకటి ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది కంటికి కనబడదు. ఒకరు ఆ గుర్తుతో, ఒకరు ఖాళీ విడిచి "నాగర్ కర్నూల్" అని, మరొకరు ఏదీ లేకుండా "నాగర్కర్నూల్" అని టైపు చేస్తే కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు పాఠాలు. సూచికలో వాడే రూపం నుండి ఈ గుర్తును తీసివేయాలి. అసలు పాఠంలో మాత్రం ముట్టుకొనరాదు.

(ఇ) ఒకే అక్షరానికి రెండు రూపాలు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచవచ్చు, ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగానూ దాచవచ్చు. చూపుకు రెండూ ఒక్కటే. యూనికోడ్‌డేటా అనే భాగంలోని నార్మలైజ్ ఆదేశం వీటిని ఏకరూపానికి తెస్తుంది. పంక్తి చదివిన వెంటనే చేయవలసిన మొదటి పని ఇది.

(ఈ) పాత ఫాంట్లు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కూర్చిన సంఘ పత్రికలు, పాటల పుస్తకాలు, సావనీర్లు మనకు చాలా ఉన్నవి. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదు. తెలుగు ఆకారం తొడిగిన ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు తీసివేస్తే పాఠం చదవరాదు. ప్రతి ఫాంటుకు వేర్వేరు మార్పిడి పట్టిక కావాలి. ఇవి ఏ ఫాంటుతో కూర్చబడినవో చెప్పగల డీటీపీ పనివారు అందుబాటులో ఉండగానే మార్పిడి చేయించడం మంచిది.

(ఉ) సంధి. వేదాంత పరిశోధనకు అన్నింటికంటె ముఖ్యమైన చిక్కు ఇదే. "ఆత్మ" అనే మాటను వెదకమని ఆదేశిస్తే యంత్రం అచ్చు "ఆ"తో మొదలయ్యే రూపాలనే తెస్తుంది. "పరిశుద్ధాత్మ"లో ఆ అచ్చు లేదు. సంధి వలన అది "ధ" మీది దీర్ఘంగా మారినది. "అపవిత్రాత్మ", "దురాత్మ" కూడా అంతే. అనగా ఆత్మను గూర్చిన సిద్ధాంత వ్యాసం రాయబోయే విద్యార్థి "ఆత్మ" అని మాత్రమే వెదికితే, పరిశుద్ధాత్మను గూర్చిన వచనాలలో అనేకం అతని జాబితాలోకి రావు. ఆ లోపం జాబితాలో ఎక్కడా కనబడదు. లెక్క నిండుగానే ఉన్నట్లు తోస్తుంది.

దీనికి రెండవ అన్వేషణ జోడించాలి: దీర్ఘం గుర్తు, త, పొల్లు, మ అనే నాలుగింటి వరుస. దీనితో సంధి రూపాలు దొరుకుతాయి. అయితే "మహాత్మ్యము" వంటి సంబంధం లేని మాటలు కూడా వలలో పడతాయి. యంత్రం తెచ్చినదానిని మనిషి జల్లెడ పట్టక తప్పదు. అలాగే ఇంగ్లీషులో పెద్దక్షరంతో చూపే భేదం తెలుగు లిపిలో లేదు. ఒకచోట "ఆత్మ" అన్నది దేవుని ఆత్మయో మానవుని ఆత్మయో సూచిక చెప్పలేదు. అది వ్యాఖ్యాన కర్త బాధ్యత.

(ఊ) విభక్తులు. దేవుడు, దేవుని, దేవునికి, దేవునితో, దేవుడైన: ఇవి యంత్రానికి ఐదు మాటలు. "దేవు" అనే మొదలుతో వెదికితే అన్నీ ఒకచోట చేరుతాయి. ముఖ్యమైన వందో రెండువందలో మాటలకు ఇటువంటి మొదళ్ల పట్టికను విద్యార్థి స్వయంగా రాసుకొనడం శ్రేయస్కరం.

5. సూచికను కూర్చడంలో పొదుపు

ఇప్పుడు ప్రోగ్రాము క్రమాన్ని వరుసగా చెప్పుకొందాం.

ఒకటి: ఫైలును యూటీఎఫ్-8గా తెరువుము.
రెండు: ఒక్కొక్క పంక్తిని తీసుకొని వరుస సంఖ్య వేయుము.
మూడు: పంక్తిని ఏకరూపానికి తెమ్ము, ట్యాబ్ దగ్గర విడదీయుము.
నాలుగు: పాఠంలోని 200సి గుర్తును తొలగించి, మాటలను వేరుచేయుము.
ఐదు: మాట విడువదగినదైతే విడువుము, కాకపోతే నిఘంటువులో ఆ మాట కింద పంక్తి సంఖ్యను చేర్చుము.
ఆరు: చివర నిఘంటువును వరుసక్రమంలో వేరొక ఫైలులో రాయుము.

ఇందులో కాలమూ జ్ఞాపకమూ పొదుపు చేసే విషయాలు నాలుగు.

మొదటిది, విడువదగిన మాటలు. మరియు, అయితే, ఆయన వంటి మాటలను జాబితాలో గాక సెట్ అనే రూపంలో ఉంచాలి. జాబితాలో ఉంటే యంత్రం ప్రతి మాటకూ మొదటినుండి చివరివరకు పోల్చుకొంటూ పోతుంది. సెట్‌లో నేరుగా దాని స్థానానికి వెళ్లి చూస్తుంది. లక్షల మాటలకు ఈ తేడా చాలా పెద్దది.

రెండవది, సంఖ్యలు. "యోహాను 3:16" అనే పాఠాన్ని ప్రతి మాట కింద మళ్లీ మళ్లీ దాచుట కంటె వచనపు వరుస సంఖ్యను దాచి, అచ్చువేసేటప్పుడు మాత్రమే దానిని గ్రంథం, అధ్యాయం, వచనంగా మార్చాలి. 31,102 అనే సంఖ్య రెండు బైట్లలో పడుతుంది. పైథాన్‌లోని అర్రే అనే రూపం ఈ విధంగా బిగువుగా దాచగలదు.

మూడవది, పాఠాన్ని పెంచడం. ఫలితాన్ని ఒకే పెద్ద పాఠంగా చేసి, కూడిక గుర్తుతో పంక్తి తరువాత పంక్తి తగిలిస్తూ పోతే, యంత్రం తరచుగా అంతవరకు ఉన్నదంతా మళ్లీ నకలు చేయవలసి వస్తుంది. దానికంటె వచ్చినదానిని వచ్చినట్లే ఫైలులో రాయడం మేలు.

నాలుగవది, సూచికయే జ్ఞాపకంలో పట్టనంత పెద్దదైనప్పుడు చేయవలసినది. మాట మొదటి అక్షరాన్ని బట్టి అ, ఆ, క, గ అని వేర్వేరు ఫైళ్లలోకి పంపి, ఒక్కొక్క ఫైలును విడిగా వరుసపరచి, చివర కలపాలి. ఇది బూసా కార్డుల గూళ్ల పద్ధతియే. అయితే కంప్యూటరు వరుసలో ఱ అనేది ర వెంట, ళ అనేది ల వెంట వస్తాయని, మన వర్ణమాల చివర కాదని గుర్తుంచుకోవాలి.

ఏ ప్రోగ్రామునైనా మొదట వెయ్యి పంక్తుల చిన్న ఫైలు మీద నడిపి, ఫలితాన్ని కంటితో సరిచూసుకొన్న తరువాతనే మొత్తం మీద నడపాలి.

6. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: సంఘ రికార్డులకు అన్వయం

లేఖన పాఠానికి పనికివచ్చిన ఈ పద్ధతి సంఘ చరిత్రకూ పనికివస్తుంది. నాగర్‌కర్నూల్, వనపర్తి మెన్నొనైట్ బ్రదరెన్ మిషను కేంద్రాలుగా ఎదిగినవి. గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రంగా ఉండి తరువాత మెన్నొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చినది. కాబట్టి ఈ మూడు ప్రాంతాల చరిత్ర రాయదలచినవారికి రెండు మిషనుల నివేదికలు, సంఘాల రిజిస్టర్లు, పెద్దల నోటి మాటల లిఖిత ప్రతులు ఆధారం. వీటిని టైపు చేసి, ఒక పంక్తికి ఒక నమోదుగా ఉంచితే పైన చెప్పిన ప్రోగ్రాము యథాతథంగా పనిచేస్తుంది.

ఇక్కడి ముఖ్య సమస్య స్థలనామాలు. హైదరాబాదు రాష్ట్రంలో గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినవి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలైనవి. అనగా గద్వాలలోని ఒకే సంఘం 1950 నాటి కాగితంలో రాయచూరు జిల్లాగా, 1990 నాటి కాగితంలో మహబూబ్‌నగర్ జిల్లాగా, నేటి కాగితంలో జోగులాంబ గద్వాల జిల్లాగా కనబడుతుంది. జిల్లా పేరుతో మాత్రమే వెదికే పరిశోధకుడికి ఆ సంఘం 1956కు ముందు లేనట్లే తోస్తుంది. దీనికి తోడు మహబూబ్‌నగర్‌ను పాలమూరు అని రాయడం, గద్వాల, గద్వాల్ అనే రెండు రూపాలు వాడడం ఉన్నవి.

దీనికి పరిష్కారం ఒక స్థలనామ పట్టిక. ఎడమవైపు రికార్డులలో కనబడే ప్రతి రూపం, కుడివైపు ఒకే స్థిరమైన సంకేతం. ఈ పట్టికను పైథాన్ నిఘంటువుగా చదివించాలి. ఐదువందల ఊర్ల పేర్లు ఉన్నప్పుడు ప్రతి పంక్తిలోనూ ఐదువందల సార్లు వెదకడం కాలహరణం. పంక్తిని మాటలుగా విడగొట్టి, ఒక్కొక్క మాటను నిఘంటువులో ఒక్కసారి చూడడం చాలును. రెండు మాటల పేర్లకు పక్కపక్క మాటలను కలిపి మరొకసారి చూడాలి. జిల్లా పేరును మాత్రం సంకేతంగా వాడకూడదు. ఊరు, తాలూకా లేక మండలం, సంవత్సరం అనే మూడింటిని వాడాలి. జిల్లా అనేది సంవత్సరాన్ని బట్టి ప్రోగ్రామే చెప్పగలదు.

7. ఒక హెచ్చరిక

బాప్తిస్మపు రిజిస్టరు బైబిలు పాఠం వంటిది కాదు. అందులో సజీవులైన మనుష్యుల పేర్లు, తండ్రుల పేర్లు, కొన్నిచోట్ల కులాల పేర్లు ఉంటాయి. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే పరిమితమైనది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది, క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రాలలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని బీసీ-సీ వర్గంలో ఉంచారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పుదుచ్చేరి కేసులో బాప్తిస్మపు రికార్డు కూడా పరిశీలనకు వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ కోసం పార్లమెంటు 2023లో చట్టం కూడా చేసినది.

బీరువాలో ఉన్న రిజిస్టరును చూడాలంటే కాపరిని అడగాలి. అదే ఫైలు అయినప్పుడు ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఎవరి చేతికైనా పోతుంది; ఒక్క పేరును అందులో వెదకడం క్షణం పని. వేగంగా వెదకగలగడం పరిశోధకునికి మేలు. అదే ఒక కుటుంబానికి ఉద్యోగం, చదువు, ఊరిలో నెమ్మది విషయంలో చేటు కావచ్చును. కాబట్టి రిజిస్టరును టైపు చేయడానికి ముందు సంఘ కమిటీ అనుమతి తీసుకోవాలి. పేర్లు ఉన్న ఫైలును వేరుగా, తాళం వేసి ఉంచాలి. ప్రోగ్రాము చదివే ఫైలులో పేరుకు బదులు సంఖ్య ఉండాలి. సిద్ధాంత వ్యాసంలో ఊరివారీ, సంవత్సరవారీ లెక్కలే ఇవ్వాలి. ఇద్దరో ముగ్గురో ఉన్న ఊర్ల లెక్కను పక్క ఊరితో కలిపి చూపాలి.

ముగింపు

పెద్ద ఫైలును చదవడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఒక్కొక్క పంక్తిగా తీసుకొని, ఏకరూపానికి తెచ్చి, కావలసినదే దాచి, లెక్క సరిచూసుకొంటే సామాన్యమైన కంప్యూటరు చాలును. అయితే తెలుగు పాఠంతో పనిచేసేవారు సంధిని, కనిపించని గుర్తులను, స్థలనామాల భేదాలను లెక్కలోకి తీసుకొనకపోతే యంత్రం ఎంత వేగంగా పనిచేసినా ఫలితం కొరతగానే ఉంటుంది.

విద్యార్థులు ఈ సెలవులలో ఒక చిన్న పనితో ప్రారంభించవచ్చు. యోహాను సువార్త పాఠాన్ని తీసుకొని, 21 అధ్యాయాలకు "ఆత్మ" పద సూచికను రెండు విధాలుగా, సంధి రూపాలు లేకుండా ఒకసారి, వాటితో కలిపి మరొకసారి, తయారు చేయండి. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి, రెండవదానిలో అదనంగా చేరిన వచనాలను చదవండి. కాపరులు తమ సంఘంలోని పాత పత్రికలు, రిజిస్టర్లు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నవో, డీటీపీ ఫైళ్లు ఉంటే అవి ఏ ఫాంటులో ఉన్నవో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఏ కాగితాన్ని ముందుగా కాపాడాలో తేల్చుకొనడానికి ఆ పట్టిక ఉపకరిస్తుంది.